ఎందుకు ఆడావు?

ఒరేయ్ శీనూ,

నీ మెసేజ్ వచ్చి నాలుగు రోజులైంది, రెండు ముక్కల్లో తేలే విషయం కాదని ఆగాను. రోజూ చెస్‌లో ఇరవై బ్లిట్జ్ గేములు, అంటే కొద్ది నిమిషాల్లో ముగిసేవి, ఆడుతున్నా, పజిల్స్ చేస్తున్నా రేటింగ్ కదలట్లేదన్నావు కదా. రెండేళ్లు నాదీ అదే బాధరా.

మార్చి నుంచి ఒక కోచ్ దగ్గరికి వెళ్తున్నాను, ఆదివారం పొద్దున గంటసేపు. ఓపెనింగులు, అంటే ఆట మొదట్లో ఆడే ఎత్తుల వరసలు, చెప్తారనుకున్నాను, ఆయన ఆ ఊసే ఎత్తలేదు. టోర్నమెంట్లలో ఓడిపోయిన గేములు ఎత్తులు రాసుకున్న స్కోర్‌షీట్లతో సహా తెమ్మన్నారు. స్టాక్‌ఫిష్ అనే చెస్ ప్రోగ్రామ్ పెట్టి చూడకుండా, ముఖ్యమైన ఎత్తు పక్కన అప్పుడు నా మనసులో ఏముందో, ఎన్ని నిమిషాలు ఆలోచించానో రాయమన్నారు. రెండు గేములు రాసేసరికే రాత్రి పన్నెండయింది.

మరుసటి ఆదివారం ఒక గేము తీసి, "పదహారో ఎత్తులో ఆ బంటుని ఎందుకు కొట్టావు?" అని అడిగారు. నేను కొట్టకపోతే అవతలివాడు కొడతాడని భయమేసింది సార్ అన్నాను. "కొడితే ఏమవుతుంది?" అని బోర్డు మీద ఆడి చూపిస్తే, ఏమీ కాలేదురా! ఇంకో మూడు గేముల్లోనూ నేను రాసుకున్నది అదే భయం. మధ్యలో బంట్లు ఎదురెదురుగా నిలబడితే నేను ఆ టెన్షన్ తట్టుకోలేక మార్చేసుకుంటున్నాను, దాంతో అవతలివాడి గుర్రానికి మంచి గడి నేనే ఇస్తున్నాను. ఆ ఎత్తులు తప్పని కంప్యూటర్ ఎప్పుడో చెప్పింది. కానీ నాలుగూ ఒకే భయంలోంచి వచ్చాయని చెప్పడానికి మనిషి కావాల్సి వచ్చింది.

కొద్ది పావులే మిగిలే చివరి దశ, ఎండ్‌గేములోనూ అదే. నాకు ఏనుగు ఒక్కటే, అవతల ఏనుగూ బంటూ. అలాంటప్పుడు డ్రా చేసుకునే ఫిలిడార్ పద్ధతి నాకు తెలుసు: నల్లపావులైతే మన రాజు బంటు దారికి అడ్డంగా ఎనిమిదో వరసలో, ఏనుగు ఆరో వరసలో కాపలా, బంటు ఆరో వరసలోకి వచ్చాకే ఏనుగుని కిందికి దించి వెనక నుంచి చెక్‌లు. అవతలివాడి రాజుకి దాక్కునే చోటుండదు కాబట్టి డ్రా. నేను బంటు ఐదో వరసలో ఉండగానే ఏనుగుని తీసేసి చెక్‌లు మొదలుపెట్టాను. కాసేపటికి అతని రాజు ముందుకొచ్చి బంటు ముందు నిలబడింది, నేను కంగారుపడి ఓడిపోయాను. "నీకు తెలుసు, ఆగలేకపోయావు" అన్నారు సార్. ఆ మాట నాకు ఇంకా చెవిలోనే ఉంది.

2024లో సింగపూర్‌లో ప్రపంచ ఛాంపియన్‌షిప్ కోసం డింగ్ లిరెన్‌తో ఆడిన గుకేశ్‌కే గజేవ్‌స్కీ లాంటి కోచ్, మన గుంటూరు గ్రాండ్‌మాస్టర్ హరికృష్ణ ఉన్న టీమ్ కావాల్సి వచ్చింది. అలాంటిది మనం ఒంటరిగా కూర్చుని బాగుపడాలనుకోవడం మన మీద మనం చేసుకునే అన్యాయం అనిపిస్తుంది నాకు.

పోయిన నెల టోర్నమెంట్‌లో ఒక గేములో ఆ బంట్లని ఏడు ఎత్తులదాకా ముట్టుకోలేదు. చేతులు చెమటలు పట్టేశాయి. చివరికి అవతలివాడే కొట్టాడు, నా గుర్రం మధ్యలోకి వచ్చి కూర్చుంది. గెలిచాను కానీ, గెలుపుకన్నా ఆ ఏడు ఎత్తులే ఎక్కువ ఆనందం.

అక్కడ కోచ్ దొరికేదాకా నీ గేములు నాకు పంపరా. ఆయనంత ఆట నాకు రాదు, ఎందుకు ఆడావని మాత్రం అడగగలను. ముందు ఐదు చాలు, ఓడినవే, పక్కన నీ చేత్తో రాసినవి. శనివారం రాత్రి ఫోన్ చేస్తాను, బోర్డు సర్ది పెట్టుకో.

నీ
రాజా