చెరకు రైతుల సంఘం వార్షిక నివేదిక: పిప్పిలో మన వాటా

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన నెలవారీ సమావేశాల్లో ఎక్కువ సేపు మాట్లాడుకున్నది చెరకు పిప్పి, అంటే రసం తీశాక మిగిలే పీచు గురించే. వేరే ప్రాంతాల్లో దాన్ని మండించి కరెంటు ఎలా తీస్తున్నారు, ఆ కరెంటు డబ్బులో రైతు చేతికి ఏమైనా వస్తోందా అన్నదే మన ప్రశ్న.

టన్ను చెరకు ఆడితే దాదాపు 300 కిలోల పిప్పి వస్తుంది. అందులో సగం నీరే. అనకాపల్లి చుట్టుపక్కల బెల్లం వండేవాళ్లు దాన్ని ఎండలో ఆరబెట్టి పెనం కింద వేస్తారు, కట్టెల ఖర్చు తప్పుతుంది. కానీ పొయ్యికి గాలి సరిగ్గా అందకపోయినా, పిప్పి పచ్చిగా ఉన్నా వేడి కంటే పొగే ఎక్కువ. ఆ పొగంతా పొయ్యి దగ్గర కూర్చున్న మనిషి ఊపిరితిత్తుల్లోకే పోతుంది. పొయ్యి కొత్తగా కట్టించేవారు ముందు అనకాపల్లి పరిశోధనా స్థానంలో సలహా తీసుకోవాలని మా విన్నపం.

మారిషస్ సంగతి సభ్యులను బాగా ఆకట్టుకుంది. 19వ శతాబ్దంలో మన తీరం నుంచే కూలీలు అక్కడి చెరకు తోటలకు ఓడలెక్కారు. కోరంగి రేవు పేరు మీద తెలుగువాళ్లను అక్కడ ‘కొరింగీ’లని పిలిచేవారు. అక్కడ ఒకప్పటి చిన్న మిల్లులన్నీ పోయి మూడే మిగిలాయి. 2000లో మొదలైన బెల్ వ్యూ ప్లాంట్‌లో బాయిలర్‌లో ఆవిరి పీడనం 82 బార్, అంటే మామూలు గాలి పీడనానికి సుమారు 80 రెట్లు. పాత మిల్లుల బాయిలర్లు దీనికంటే చాలా తక్కువ పీడనంతో నడిచేవి, అందుకే అదే పిప్పితో ఇప్పుడు ఎన్నో రెట్లు కరెంటు వస్తోంది. కోతల కాలంలో పిప్పి, మిగతా నెలల్లో బొగ్గు. ఆ బొగ్గు మాత్రం మనం మెచ్చుకోదగ్గది కాదు. పక్కనే ఉన్న రీయూనియన్ దీవిలో ఈ మధ్యే బొగ్గు మానేసి చెక్క గుళికలకు మారారు, అవి కూడా ఓడల్లో దిగుమతి కావాల్సిందే.

మనకు ముఖ్యమైన విషయం వేరే ఉంది. మారిషస్‌లోనూ రీయూనియన్‌లోనూ పిప్పికి రైతుకు విడిగా డబ్బు ముడుతుంది. మారిషస్ ప్రభుత్వం 2021లో ఆ ధరను పిప్పితో తీసిన కరెంటు యూనిట్‌కు 3.50 మారిషస్ రూపాయలకు పెంచింది.

బ్రెజిల్‌కు కాలం కలిసొచ్చింది. సావో పాలో వైపు చెరకు నరికేది వానలు లేని నెలల్లో, సరిగ్గా జలాశయాలు తగ్గి నీటి కరెంటు పడిపోయినప్పుడు; ఆ లోటును పిప్పి కరెంటు కొంత పూడుస్తుంది. మన పొరుగున తమిళనాడులో కరూర్ కాగితం మిల్లు కాగితం తయారీకి చక్కెర మిల్లుల నుంచి పిప్పి తీసుకుని బదులుగా ఇంధనం ఇచ్చే పద్ధతి పెట్టుకుంది.

మన దేశంలో 2012లో చక్కెర రంగంపై కేంద్రం వేసిన రంగరాజన్ కమిటీ, చక్కెరతో పాటు పిప్పి, మొలాసిస్ (చక్కెర తీశాక మిగిలే మడ్డి), ప్రెస్‌మడ్ (రసం వడకట్టాక మిగిలే మట్టి) విలువలోనూ 70 శాతం రైతుకు రావాలంది. మరుసటి ఏడు కర్ణాటక, మహారాష్ట్ర ఆదాయం పంచుకునే చట్టాలు చేశాయి. మన దగ్గర బిల్లులో పిప్పికి ఒక్క వరుస కూడా లేదు. ఒక మిల్లు కరెంటు ప్లాంట్ చూపించమని రాసిన ఉత్తరానికి జవాబు రాలేదు, మళ్లీ రాస్తాం.

అడగాలంటే మన చేతిలో లెక్క ఉండాలి. వచ్చే సీజన్‌లో ప్రతి గానుగ దగ్గర చెరకు, పిప్పి రెండూ తూచి పుస్తకంలో రాయాలని తీర్మానించాం. కాటా సంఘం గదిలో ఉంది. కావలసినవారు ఒక రోజు ముందు కార్యదర్శికి చెప్పండి.