వేరే పార్కుకు తీసిన గొరిల్లా పర్మిట్లు: సొమ్ము వాపసు కోరుతూ ఫిర్యాదు

చెన్నై

మేనేజర్ గారికి,
విదేశీ యాత్రల విభాగం.

విషయం: ఉగాండాలోని మ్గహింగా పార్కుకు బదులు బ్విండీ పార్కుకు గొరిల్లా పర్మిట్లు (అడవిలో గొరిల్లాలను చూడటానికి ఇచ్చే అనుమతి కాగితాలు) తీసిన సంగతి.

అయ్యా,

మీ సంస్థ ద్వారా నేనూ మా నాన్నగారూ ఉగాండా వెళ్లొచ్చాం. తిరిగొచ్చినప్పటి నుంచి ఫోన్ చేస్తుంటే మీవాళ్లు "పైవాళ్లతో మాట్లాడి చెప్తాం సార్" అంటున్నారు తప్ప ఎటూ తేల్చడం లేదు. అందుకే కాగితం మీద పెడుతున్నాను.

మేము మొదటి నుంచీ అడిగింది మ్గహింగానే. నాన్నగారు జంతుశాస్త్రం లెక్చరర్‌గా రిటైరయ్యారు. మ్గహింగా ఉన్న విరుంగా అగ్నిపర్వతాల మీది గొరిల్లాల గురించి ఏళ్ల తరబడి క్లాసులో చెప్పిన మనిషి. ఆ పార్కు 34 చదరపు కిలోమీటర్లు కూడా ఉండదు, ఉగాండాలో అంతకంటే చిన్న నేషనల్ పార్కు లేదు. మనుషులకు అలవాటుపడిన గొరిల్లా కుటుంబం కూడా అక్కడ ఒక్కటే, దాని పేరు న్యకగేజి. రోజుకు 8 మందిని పంపుతారు, వాటి దగ్గర ఒక్క గంట ఉండనిస్తారు. అందుకే పర్మిట్లు ఖాయమయ్యాకే విమానం టికెట్లు తీయమని మీకు మెయిల్ రాశాను. "కన్ఫర్మ్ అయ్యాయి, టెన్షన్ పడకండి" అన్న మీ జవాబు నా దగ్గర భద్రంగా ఉంది. పర్మిట్ల కాపీ అడిగితే మాత్రం, అక్కడ డ్రైవర్ ఇస్తాడన్నారు.

మా వైపు నుంచి ఏ లోటూ చేయలేదు. గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఎల్లో ఫీవర్ టీకాలు వేయించుకున్నాం. మనుషుల జలుబు గొరిల్లాలకు అంటుతుందని, ఒంట్లో బాగోలేనివాళ్లను లోపలికి పంపరని నాన్నగారికి తెలుసు. బయల్దేరే ముందు దగ్గరివాళ్ల పెళ్లికి కూడా వెళ్లకుండా ఇంటిపట్టునే ఉన్నారు.

ఆ రోజు పొద్దున మ్గహింగా పార్కు న్‌టెబెకో గేటు దగ్గర డ్రైవర్ కవరు చేతికిచ్చాడు. నాన్నగారు అప్పటికే ప్యాంటు అంచులు సాక్సుల్లోకి దోపుకుని, మాస్కు పెట్టుకుని, చేతికర్రతో వరసలో నిలబడ్డారు. రేంజర్ కాగితం విప్పాడు. పేర్లు పాస్‌పోర్టులతో సరిచూశాడు, తేదీ చూశాడు, తర్వాత ఒక లైను మీద వేలు పెట్టి ఆగిపోయాడు. అక్కడ బ్విండీ, బుహోమా అని ఉంది. బుహోమా బ్విండీ అడవికి ఉత్తరపు కొసన ఉంటుంది. మీరు మాకు గది తీసిన కిసోరో దక్షిణాన ఉంది. మధ్యలో కొండదారి, గంటల ప్రయాణం. ఆ వేళకు బయల్దేరి అక్కడి ఉదయపు బ్రీఫింగ్ అందుకోవడం ఎవరి వల్లా కాదు. రేంజర్ ఎంతో మర్యాదగా చెప్పాడు, ఆయన తప్పేమీ లేదు. మిగతావాళ్లు గైడు వెంట వెళ్లిపోతుంటే నాన్నగారు ఒక్క మాట కూడా అనకుండా మాస్కు తీసి జేబులో పెట్టుకున్నారు. అది చూసి నేను తట్టుకోలేకపోయాను.

ఇక మీ ఆఫీసు మేడమ్ ఇచ్చిన జవాబు. "అడవి జంతువులు కనపడతాయన్న గ్యారంటీ లేదని నిబంధనల్లో ఉంది" అన్నారు. ఆ నిబంధన చదివే సంతకం పెట్టాను. న్యకగేజి కుటుంబం ఒకప్పుడు సరిహద్దు దాటి రువాండా, కాంగో వైపు వెళ్లిపోతూ ఉండేది. మళ్లీ అలా పోతే సరే అనుకునేవాళ్లం, ఎందుకంటే అది వాటి ఇష్టం. కానీ ఆ రోజు గొరిల్లాలు అడవిలోనే ఉన్నాయి, అడవి ముంగిట మేమూ ఉన్నాం. మా దగ్గర లేనిది సరైన కాగితం. ఆ కాగితం తెచ్చిపెట్టడానికే మీకు డబ్బు కట్టాం.

మర్నాటి గోల్డెన్ మంకీల నడక మాత్రం చక్కగా జరిగింది. మీ స్థానిక గైడు ఓపిగ్గా నాన్నగారి నడకతో పాటే నడిచాడు. వెదురు పొదల్లో ఒక కోతి లేత పిలకను పళ్లతో చీల్చి, పైపొర ఊడదీసి, లోపలి తెల్లటి భాగం నములుతూ మా వైపే చూసింది. నాన్నగారు చాలాసేపు అక్కడే నిలబడిపోయారు. దీనికి కట్టిన సొమ్ము గురించి నాకు పేచీ లేదు. కానీ "కోతులు చూశారు కదా సార్" అని మీవాళ్లు అనడం బాగాలేదు. దాని పర్మిట్ వేరు, దాని ధర వేరు.

గొరిల్లా పర్మిట్ ఒక్కొక్కటి 800 డాలర్లు. ఇద్దరికీ 1,600. మీ బిల్లులో వేసిన మారకం రేటు ప్రకారమే ఆ మొత్తం, దానిమీద మీరు తీసుకున్న సర్వీస్ చార్జీ నాకు వాపసు ఇవ్వండి. పర్మిట్ల మీద పార్కు పేరు ఎవరు తప్పుగా ఇచ్చారో రాతపూర్వకంగా తెలపండి. ఇకపై ఎవరికైనా పర్మిట్ల కాపీ ప్రయాణానికి ముందే పంపండి. ఆ కాపీ నా చేతికొచ్చి ఉంటే మా ఇంట్లో ఈ బాధ ఉండేది కాదు.

ఈ లేఖ అందిన 15 రోజుల్లో జవాబు రాకపోతే 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫిర్యాదు చేస్తాను. అక్కడా తేలకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌లో కేసు వేస్తాను.

బిల్లు, మీ మెయిల్, రెండు పర్మిట్ల కాపీలు జతచేశాను.

ఇట్లు,
మీ కస్టమర్