పంచిన కళ్లజోళ్లు, పెట్టుకున్న కళ్లజోళ్లు: 2024–25 వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు నమస్కారం.

కార్యవర్గం తరఫున గత ఏడాది పనుల నివేదికను సర్వసభ్య సమావేశం ముందు ఉంచుతున్నాను. ఎన్ని శిబిరాలు పెట్టాం, ఎన్ని జతల కళ్లద్దాలు పంచాం అనే పట్టికతో నివేదిక మొదలుపెట్టడం, చూపు పరీక్షించి అద్దాలు రాసే మన ఆప్టోమెట్రిస్టుల సంఘంలో ఆనవాయితీ. ఈసారి ఆ పట్టికను కోశాధికారి గారి జమాఖర్చుల పత్రానికి జతచేసి, అధ్యయన బృందం చేసిన పనినే ముందు చెబుతున్నాను.

కంటి పరిశోధనలను నెలకోసారి కలిసి చదవాలని గత సమావేశంలో తీర్మానించుకున్నాం. మొదట చేతికి తీసుకున్నది ఎల్వీ ప్రసాద్ కంటి వైద్య సంస్థ 1996 నుంచి 2000 వరకు నిర్వహించిన ఆంధ్రప్రదేశ్ నేత్రవ్యాధుల అధ్యయనం. హైదరాబాదు నగరంతో పాటు ఆదిలాబాద్, మహబూబ్‌నగర్, మన పశ్చిమ గోదావరి జిల్లాల్లో 10,293 మందిని పరీక్షించిన ఆ అధ్యయనం జనాభాలో 1.84 శాతం మంది అంధులని, శుక్లాల తరువాత అందుకు పెద్ద కారణం అద్దాలతో సరిదిద్దని దృష్టి లోపమేనని తేల్చింది. మన చర్చ ఎక్కువసేపు సాగింది మాత్రం అంతగా ప్రచారంలో లేని మరో ఫలితం మీద. మూడు డయాప్టర్లు (అద్దం పవర్‌ను కొలిచే ప్రమాణం), అంతకు మించిన పవర్ ఉన్నవారిలోనూ అద్దాలు వాడుతున్నవారు సుమారు మూడో వంతే. వాడి మానేసినవారిలో నూటికి నలభై మందికి పైగా పవర్ సరిగా లేదనో, పెట్టుకుంటే ఇబ్బందిగా ఉందనో మానేశారు. ఎవరైనా అద్దాలు పెట్టుకోకపోతే వారి పేదరికాన్నో, అవగాహన లేమినో కారణంగా చూపడానికి అలవాటుపడిన మనకు ఇది కాస్త చేదుమాత్రే, ఎందుకంటే సరిపడని పవరూ, పెట్టుకుంటే కలిగే ఇబ్బందీ మన పరీక్ష గదిలో పుట్టేవే.

పుణె ప్రాంతంలో బడిపిల్లలపై జరిగిన అధ్యయనం కూడా ఇలాంటిదే: అద్దాలు అందుకున్న 1,018 మందిని 6 నుంచి 12 నెలల తరువాత చూస్తే, 300 మందే వాటిని పెట్టుకుని కనిపించారు.

ఇక మన సొంత అనుభవం. అస్సాం తేయాకు తోటల్లో 40 ఏళ్లు దాటిన కార్మికులకు చత్వారపు అద్దాలు ఇస్తే, ఇవ్వనివారితో పోల్చినప్పుడు ఆకు కోత 21.7 శాతం మేర మెరుగుపడిందని 2018లో ప్రచురితమైన పరిశోధన చదివాక, మన దగ్గర అంతకన్నా సన్నని పని చేసే నరసాపురం లేసు అల్లికదారులు గుర్తుకొచ్చారు. వేసవిలో వారికోసం శిబిరం పెట్టి, దగ్గరి చూపు చార్టును 40 సెంటీమీటర్ల దూరంలో చదివించి, రెడీమేడ్ జోళ్లు ఇచ్చి వచ్చాం. కొన్ని నెలల తరువాత ఇళ్లకు వెళ్లి చూస్తే చాలా జతలు గూళ్లలో ఉన్నాయి. ఒకావిడ చెప్పిన మాట యథాతథంగా రాస్తున్నాను: “పేపరు చదవడానికి బానే ఉన్నాయండి, దారం దగ్గరికొచ్చేసరికే అలికేసినట్టుంటుందండి.”

తప్పు మనదే. 40 సెంటీమీటర్ల దూరంలో ఉన్నదాన్ని చూడటానికి కంటికి అదనంగా 2.5 డయాప్టర్ల శక్తి చాలు. 33 సెంటీమీటర్లకు 3 డయాప్టర్లు కావాలి. లేసు అల్లేవారు పనిని కంటికి అంత దగ్గరగా, కొందరు ఇంకా దగ్గరగా పట్టుకుంటారు. అర డయాప్టరు తేడా పేపరు చదివేవారికి తెలియకపోవచ్చు కానీ, ముడిలోంచి పోగు లాగేవారికి తెలుస్తుంది. రెండో విడతలో ఎవరి సూదీ దారపుండా వారినే తెచ్చుకోమని, వారు అలవాటుగా కూర్చున్న తీరులో కంటికీ పనికీ మధ్య దూరాన్ని టేపుతో కొలిచి, అద్దాలు మార్చి చూసే ట్రయల్ ఫ్రేము పెట్టి కాసేపు అల్లించాకే పవర్ రాశాం. నల్లపాపల మధ్య దూరం కూడా కొలిచాం. ఈ పద్ధతిలో ఒక్కొక్కరికి పట్టే సమయం బాగా పెరిగిందన్నది నిజం. శుక్లం, నీటికాసులు (గ్లాకోమా) ఉన్నాయని అనుమానం వచ్చినవారిని అద్దాలతో సరిపెట్టకుండా కంటి వైద్యుల దగ్గరకు పంపాం. రెండో విడత జోళ్లపై ఆరు నెలల పరిశీలన పూర్తికాలేదు కనుక, దాని గురించి ఇప్పుడే ఏ అంకే చెప్పబోను.

2030 నాటికి దృష్టి లోపాలకు అద్దాల సేవ అందేవారి వాటాను 40 శాతాంశాలు పెంచాలని ప్రపంచ ఆరోగ్య సభ 2021లో లక్ష్యం పెట్టుకుంది. ఆ కొలమానంలో అద్దాలు ఉండి కూడా చూపు ఆననివారు సేవ అందనివారి కిందే లెక్క. మన పాత పట్టిక ప్రకారం మాత్రం వారంతా లబ్ధిదారులే.

జాతీయ అనుబంధ, ఆరోగ్య వృత్తుల కమిషన్ చట్టం, 2021 పరిధిలో ఆప్టోమెట్రీ ఉన్నందున సభ్యులు తమ విద్యార్హత పత్రాలను సిద్ధంగా ఉంచుకోవలసిందిగా మనవి.

కార్యవర్గం సభ ముందు రెండు ప్రతిపాదనలు పెడుతోంది. ఇకపై ప్రతి శిబిరం ఖర్చులోనూ తిరిగి వెళ్లి చూసి రావడానికయ్యే ఖర్చును ముందే కలపాలి. అందువల్ల శిబిరాల సంఖ్య తగ్గినా అంగీకరించాలి. రెండోది, తయారై వచ్చిన అద్దాల పవర్‌ను పంచేముందు సరిచూడటానికి సంఘం సొంతంగా ఒక లెన్సోమీటరు కొనాలి. అద్దె పరికరం కోసం రెండుసార్లు పంపిణీని వాయిదా వేయవలసి వచ్చింది. ధరల వివరాలు సమావేశంలో అందజేస్తాం.

ఇట్లు,
కార్యదర్శి