నాలుగో ఎత్తుకు జవాబు

తిరుపతి,
ఆదివారం.

అమ్మాయికి నాయన ఆశీస్సులు.

మన చదరంగం ఆటలో నీ ఎత్తు రాసిన కార్డు మంగళవారం అందింది. ముందు 6315 అని చదువుకున్నా. మొదటి రెండంకెలు పావు ఉన్న గడి, తర్వాతి రెండూ అది పోయే గడి కదా; ఏకి 1, బీకి 2, అట్లా హెచ్‌కి 8. ఎఫ్3లో ఉన్న గుర్రం ఏ5కి ఎట్లా ఎగురుతుందా అని కళ్ళద్దాలు తుడుచుకుని చూస్తే, అది 1 కాదు, 7. ఏడుకు నడుం మీద అడ్డగీత పెట్టమ్మా.

6375 అంటే గుర్రం జీ5కి. అదీ, సీ4లోని బిషప్పూ కలిసి నా ఎఫ్7 బంటు మీద కన్నేశాయి. దానికి రాజు తప్ప వేరే కాపలా లేదు.

ఫోన్లో ఆడితే పది నిమిషాల్లో తేలిపోతుంది కదా అన్నావు. తేలిపోతుంది. పెళ్ళికి ముందు నాగపూర్ ఆయన ఒకాయనతో కార్డుల మీద ఆడాను, మొహం ఎప్పుడూ చూడలేదు. ఇదే గుర్రం, ఇదే జీ5. నేను డీ5 అన్నా, ఆయన బంటుతో తీశాడు. కార్డు వచ్చిన రాత్రే 6645 రాసి, అంటే గుర్రంతో తిరిగి తీసి, బైరాగిపట్టెడ నుంచి స్టేషన్ దాకా సైకిల్ తొక్కి డబ్బాలో వేశాను. పది ఎత్తులకు 30 రోజుల గడువు, కార్డు దారిలో ఉన్న రోజులు లెక్కలోకి రావు. ఒక్క రోజు కూడా వాడుకోలేదు! ఇంటికొచ్చి బోర్డు చూస్తే అప్పుడు కనబడింది. డబ్బాలో పడ్డ ఎత్తు పడ్డట్టే.

జవాబు 7567. గుర్రాన్ని బలిచ్చి నా రాజును బయటికి లాగాడు, ఆ వెనకే మంత్రి ఎఫ్3కి. ఆర్నెల్లు, కార్డుకు కాస్త చొప్పున ఓడిపోయాను. ఈ దాడికి ఫ్రైడ్ లివర్ అని పేరు, కార్జం వేపుడు. మీ అమ్మతో అనబాక, బోర్డును ఇంట్లోనే ఉండనివ్వదు.

ఈసారి అయిదు రోజులు కూర్చున్నా. నీ 6375కి నా జవాబు 4745, మళ్ళీ అదే డీ5. నువ్వు 5445 అని బంటుతో తీస్తే, ఈసారి గుర్రంతో తియ్యను, నాది 2725, బంటు బీ5కి. కార్డు కలిసొస్తుందని ముందే చెప్తున్నా. 1965లో మొదలైన ప్రపంచ ఉత్తరాల చాంపియన్‌షిప్‌లో ఎస్ట్రిన్ మీద బెర్లినర్ ఆడింది ఇదే. నల్లపావులతో 42 ఎత్తుల్లో గెలిచాడు, ఆ టైటిలూ ఆయనదే. పెద్ద పోటీల్లో ఇప్పుడు కంప్యూటర్ సాయం తీసుకోవచ్చంట. మన ఇంట్లో కుదరదు.

కార్డు అందిన తేదీ రాయడం మరిచిపోబాక.

నాయన