దక్షిణ సూడాన్ మొదటి ఎన్నికల గురించి విదేశాంగ మంత్రి గారికి ఒక బోరు బండి మనిషి ఉత్తరం

గౌరవనీయులైన విదేశాంగ మంత్రి జైశంకర్ గారికి,

సార్, నమస్తే. నాది నల్గొండ జిల్లా. బోరు బండ్ల మీద పని చేసినోణ్ణి. 2014లో ఒక కంపెనీ తరఫున దక్షిణ సూడాన్ పోయిన, రాజధాని జూబా చుట్టుపక్కల ఊళ్ళల్ల బోర్లు వేసినం, 2016 జూలైలో అక్కడ కాల్పులు మొదలైతే మన ఎయిర్‌ఫోర్స్ సీ-17 విమానంలో ఇంటికొచ్చిన. ఆపరేషన్ సంకట్ మోచన్ అన్నరు దాన్ని, 150 మందికి పైగా వచ్చినం. అప్పటి సహాయ మంత్రి వీకే సింగ్ గారు స్వయంగా జూబా దాకా వచ్చిన్రు. ఆ రోజు ఎవరికీ థాంక్స్ చెప్పే పరిస్థితి లేకుండె, ఇప్పుడు చెప్తున్న. కానీ ఈ ఉత్తరం అందుకోసం కాదు.

ఆ దేశంలో 2026 డిసెంబర్‌లో ఎన్నికలు పెడతమని చెప్పిన్రు. 2011 జూలై 9న స్వాతంత్ర్యం వచ్చిన కాడ్నుంచి అక్కడ ఒక్క ఎన్నిక కూడా జరగలే సార్. 2015లో జరగాలె, యుద్ధం వచ్చింది. మళ్ళా డేట్లు, మళ్ళా వాయిదాలు. 2024 డిసెంబర్ అని గట్టిగ చెప్పి, మూడు నెలల ముందు ఇంకో రెండేళ్ళు జరిపిన్రు. ప్రెసిడెంట్ సల్వా కీర్ గారు ఓట్లతో గెలిచింది 2010లో, అప్పటికి అది ఇంకా సూడాన్‌లో భాగమే. దేశం పుట్టినప్పుడు మూడేళ్ళ పిల్లకు ఇప్పుడు ఓటు వయసు వచ్చింది, ఆమె బ్యాలెట్ పేపర్ ఎట్లుంటదో చూడలే.

నాతోని ఇద్దరు పనిచేసేవాళ్ళు, వాళ్ళ పేర్లు రాయను. లారీ డ్రైవర్ డింకా తెగ మనిషి, రాడ్లు అందించే హెల్పర్ న్యూర్ తెగ మనిషి. మధ్యాహ్నం బండి నీడలో కూసొని ఒకే ప్లేట్లో కిస్రా తినేటోళ్ళు, కిస్రా అంటే మన జొన్న దోశ లాంటిది. సూడాన్ నుంచి విడిపోవాలా వద్దా అని 2011 జనవరిలో రెఫరెండం అయినప్పుడు ఇద్దరూ ఓటేసిన్రంట, ఒకాయన జూబాలో, ఇంకొకాయన బెంటియు దిక్కు. చదువు రానోళ్ళకు కూడా అర్థం కావాలని పేపర్ మీద రెండే బొమ్మలు పెట్టిన్రు, ఎత్తిన ఒక్క చెయ్యి అంటే విడిపోవడం, కలిపిన రెండు చేతులు అంటే కలిసుండడం. నూటికి 98 మందికి పైగా ఒక్క చెయ్యి బొమ్మ మీదనే వేలిముద్ర వేసిన్రు. రాత్రే పోయి లైన్ల కూసున్నమని, ముసలోళ్ళను మంచాల మీద మోసుకొచ్చిన్రని చెప్పేటోడు మా డ్రైవర్. సిరా అంటిన వేలును నెల రోజులు కడుక్కోవద్దనిపించిందని అన్నడు. ఆ మాట నాకు ఇప్పటికీ గుర్తుకొస్తది.

ఆ తర్వాత మూడేళ్ళు నిండకముందే, 2013 డిసెంబర్ 15 రాత్రి జూబాలో కాల్పులు మొదలైనయి. ప్రెసిడెంట్ కీర్ గారికీ, ఆయన తీసేసిన వైస్ ప్రెసిడెంట్ రియాక్ మచార్ గారికీ పార్టీలో వచ్చిన పదవి తగాదా అది, కీర్ డింకా, మచార్ న్యూర్ కాబట్టి రెండు రోజుల్లో డింకాలు న్యూర్‌లు అనే గొడవైపోయింది. మా హెల్పర్ ప్రాణం దక్కించుకొని యూఎన్ క్యాంపులోకి ఉరికిండు. 2015లో ఇద్దరికీ శాంతి ఒప్పందం అయినంక ఆ క్యాంపు నుంచే పనికి వచ్చేటోడు, పొద్దుగూకక ముందే వెనక్కి పోయేటోడు. 2016 జూలైలో మళ్ళా అదే కథ, దేశం ఐదో పుట్టినరోజుకు ఒక్కరోజు ముందు ప్రెసిడెంట్ ఆఫీసు దగ్గర ఇద్దరి గార్డులు కాల్చుకున్నరు. మేం నాలుగు రోజులు రూంలో నేల మీద పండుకున్నం. యుద్ధంలోనూ, దానివల్ల వచ్చిన ఆకలి రోగాలతోనూ కలిపి నాలుగు లక్షల మంది దాకా పోయిన్రని లండన్ యూనివర్సిటీ వాళ్ళు 2018లో లెక్క కట్టిన్రు. కోటి చిల్లర జనం ఉన్న దేశం సార్ అది.

ఇప్పుడు నేను చెప్పాలనుకున్నది చెప్తా. యుద్ధం చూసిన దేశంలో మొదటి ఎన్నిక అనంగనే టీవీలో అందరూ ఎవరు గెలుస్తరు అని అడుగుతరు. నా ప్రశ్న అది కాదు, ఓడినోడు ఆ రాత్రి ఎక్కడ పండుకుంటడు? తన ఇంట్లోనా, జైల్లోనా, లేకపోతే తుపాకీ పట్టుకొని అడవిలోనా? దీనికి జవాబు తెలియకుండ ఎన్నిక పెడితే అది ఇంకో యుద్ధానికి డేట్ ఫిక్స్ చేసినట్టే అయితది.

ఇది మా జిల్లా నాకు నేర్పిన విషయం. మా తాత సాయుధ పోరాటంలో దళాలకు అన్నం మోసిండు. నిజాం, రజాకార్లు, తర్వాత యూనియన్ సైన్యం, అన్నీ చూసిండు. కమ్యూనిస్టులు 1951 అక్టోబర్‌లో పోరాటం విరమించిన్రు, కొన్ని నెలలకే ఓట్లు వచ్చినయి. పార్టీ మీద అప్పటికి నిషేధం ఉండె కాబట్టి పీడీఎఫ్ (పీపుల్స్ డెమొక్రటిక్ ఫ్రంట్) పేరు మీద నిలబడ్డరు. రావి నారాయణరెడ్డి గారు నల్గొండ నుంచి 3 లక్షల పైచిలుకు ఓట్లతో గెలిచిన్రు, దేశంలో అందరికన్న ఎక్కువ ఓట్లు, నెహ్రూ గారికన్న కూడ ఎక్కువ. కానీ మా తాత చెప్పే కథలో ఆ గెలుపు ఒక్కటే లేదు. హైదరాబాద్ స్టేట్‌లో గవర్నమెంట్ వాళ్ళది కాలే, కాంగ్రెస్‌ది అయింది, బూర్గుల రామకృష్ణారావు గారు ముఖ్యమంత్రి అయిన్రు. నిన్నటిదాక అడవిలో ఉన్నోళ్ళు అసెంబ్లీలో ప్రతిపక్షం బెంచీల మీద కూసున్నరు, భూమి గురించి అక్కడనే కొట్లాడిన్రు. "మళ్ళా తుపాకీ తీసే పని పడలే బిడ్డా" అనేటోడు మా తాత. అన్నీ న్యాయంగ జరిగినయని చెప్తలేను, జైళ్ళల్ల మగ్గినోళ్ళు మస్తుమంది ఉండిరి, ఎన్నో గాయాలు మానలే. అయినా ఓడినోనికి కూసోవడానికి ఒక కుర్చీ దొరికింది, మాట్లాడితే రాసుకునేటోడు దొరికిండు. మొదటి ఎన్నిక మా ఊరికి ఇచ్చింది అదే.

తేడాలున్నయి, ఒప్పుకుంటా. ఇక్కడ దేశానికి ఒక్కటే సైన్యం, అక్కడ ఎవరి సైన్యం వాళ్ళది. 2018 శాంతి ఒప్పందంలో అందరినీ కలిపి ఒకే సైన్యం చేస్తమని రాసుకున్నరు. 50 వేల మందికి పైగా ట్రైనింగ్ అయితే ఇచ్చిన్రు కానీ వాళ్ళల్ల చాలామందికి డ్యూటీ లేదు, జీతం లేదు. కొత్త రాజ్యాంగం, జనాభా లెక్కలు ఎన్నికలకు ముందే అయిపోవాలని కూడ అప్పుడు ఒప్పందంలోనే రాసుకున్నరు. చివరిసారి జనాభా లెక్క 2008ది. మచార్ గారిని 2025 మార్చిలో హౌస్ అరెస్టు చేసిన్రు, సెప్టెంబర్‌లో దేశద్రోహం, హత్య కేసులు పెట్టి కోర్టులో నిలబెట్టిన్రు. ఆయన మంచోడని నేననట్లే, ఆయన మనుషులు చేసిన ఘోరాలు కూడ తక్కువేం కాదు. కానీ ఒప్పందం మీద సంతకం పెట్టినోళ్ళల్ల ముఖ్యమైన ఇద్దర్ల ఒకాయన బోనులో ఉండంగ జరిగే ఎన్నికలో, ఆయన వెనకున్న జనం ఓటేసే లైన్లకు ఎందుకొస్తరు సార్?

ఆఫ్రికాలో వేరే దేశాల్లో ఏమైందో మీకు నాకన్న బాగ తెలుసు, అయినా గుర్తుచేస్తున్న. అంగోలాలో 1992 సెప్టెంబర్‌లో ఓట్లు పెట్టిన్రు, రెండు సైన్యాలూ తుపాకులు దించకముందే. తిరుగుబాటు సైన్యం నాయకుడు సవింబి ఓడిపోయి, మోసం జరిగిందని చెప్పి మళ్ళా యుద్ధానికి పోయిండు, ఆయన 2002లో చచ్చేదాక అది ఆగలే. అదే మొజాంబిక్‌లో ముందు సైనికులను ఇండ్లకు పంపిన్రు, రెండు దిక్కులోళ్ళతో చిన్న సైన్యం ఒకటి కట్టిన్రు, అడవిలో ఉన్న తిరుగుబాటు దళం రెనామోకు పార్టీ నడుపుకోవడానికి బయటి దేశాలు పైసలు కూడ ఇచ్చినయి. 1994 అక్టోబర్‌లో పోలింగ్ మొదలయ్యే టైంకు రెనామో నాయకుడు ధ్లకామా అలిగి బాయ్‌కాట్ అన్నడు, బతిమాలి ఒప్పించి ఒకరోజు పొడిగించిన్రు. ఆయన ఓడిండు, కానీ 250 సీట్లల్ల ఆయన పార్టీకి 112 వచ్చినయి. ఆయన అప్పుడు యుద్ధానికి పోలే, పార్లమెంటు ఉంది కాబట్టి. లైబీరియాలో 1997లో ఇంకో రకం, తిరుగుబాటు నాయకుడు చార్లెస్ టేలర్ ఓడితే మళ్ళా యుద్ధం చేస్తడని భయపడి జనం ఆయనకే నూటికి 75 ఓట్లు వేసిన్రు, రెండేళ్ళల్ల యుద్ధం మళ్ళా వచ్చింది. భయంతో వేసిన ఓటు శాంతి తేలే.

మరి ఇందుల ఇండియాకు ఏం పని అంటరేమో. పని ఉంది సార్. మొదటిది, మన సిపాయిలు చాలామంది అక్కడ యూఎన్ డ్యూటీలో ఉన్నరు. 2013లో ఒక్క ఏడాదిలోనే జోంగ్లే రాష్ట్రంలో ఏడుగురు ప్రాణాలిచ్చిన్రు, ఏప్రిల్‌లో ఐదుగురు, డిసెంబర్‌లో అకోబో దగ్గర శరణు కోరి వచ్చినోళ్ళను కాపాడబోయి ఇద్దరు. రెండోది, అక్కడి చమురు బావుల్లో మన ఓఎన్‌జీసీ విదేశ్‌కు వాటా ఉంది. ఆ దేశం ఖజానాకు వచ్చే డబ్బంతా దాదాపు చమురుదే, అది ఎటు పోతుందో జనానికి తెల్వదు. వాటాదారు దేశంగ మన కంపెనీ కట్టిన ప్రతి డాలర్ లెక్కనూ మనమే బయట పెడితే, మిగతా కంపెనీలను కూడ అడిగే హక్కు వాళ్ళకు వస్తది. కుర్చీ పోతే చమురు డబ్బు మొత్తం పోతది అన్న భయంతోనే అక్కడ ఎవడూ ఓడిపోవడానికి ఒప్పుకోడు.

మూడోది నాకు మస్తు ఇష్టమైంది. 1953లో సూడాన్ మొదటి ఎన్నికలు జరిపించింది మన సుకుమార్ సేన్ గారు. మన మొదటి ఎన్నికల కమిషనర్, ఇక్కడ 1952 ఎన్నికలు ముగించి అక్కడి కమిషన్‌కు ఛైర్మన్‌గ పోయిన్రు. ఇప్పటి దక్షిణ సూడాన్ వాళ్ళ తాతలు కూడ ఆ ఎన్నికలోనే ఓటేసిన్రు. ఎన్నిక మంచిగనే జరిగింది, కానీ గెలిచినోళ్ళు ఆఫీసర్ పోస్టులన్నీ ఉత్తరాదోళ్ళకే పంచుకున్నరు, దక్షిణానికి వేళ్ళ మీద లెక్కపెట్టేటన్నే దొరికినయి. 1955 ఆగస్టులో దక్షిణాన టోరిట్ పట్నంలో సైనికులు తిరగబడ్డరు, ఆ నిప్పే యాభై ఏళ్ళు మండింది. అందుకే మనోళ్ళు ఈసారి పోతే డబ్బాలు, సిరా ఇచ్చి రావొద్దు. ఓట్లు లెక్కపెట్టిన తర్వాత ఓడినోళ్ళకు ఏం దక్కుతదో ముందే రాతపూర్వకంగ పెట్టించి రావాలె.

మన ఎలక్షన్ కమిషన్ వాళ్ళకు ఇంకొకటి తెలుసు, ఓటరు లిస్టు. మన మొదటి ఎన్నికల్లో ఫలానా వాని భార్య, ఫలానా వాని బిడ్డ అని తప్ప సొంత పేరు చెప్పని 28 లక్షల మంది ఆడోళ్ళ పేర్లు సేన్ గారు లిస్టు నుంచి తీసేయాల్సి వచ్చింది, తర్వాతి ఎన్నికకు వాళ్ళల్ల చాలామంది పేరుతోని వచ్చిన్రు. దక్షిణ సూడాన్ జనంలో 20 లక్షల మందికి పైగా బయటి దేశాల్లో ఉన్నరు, ఒక్క ఉగాండాలోనే దాదాపు 10 లక్షలు. ఇంకో 20 లక్షల మంది దేశం లోపలే ఊరు విడిచి తిరుగుతున్నరు. వాళ్ళ పేర్లు లేని లిస్టుతోని ఎన్నిక పెడితే, ఊళ్ళు తగలబెట్టినోడే లాభపడతడు.

ఒక పనిమనిషి మాట కూడ వినండి. అక్కడ బోరు బండి నడిచేది డిసెంబర్ నుంచి ఏప్రిల్ దాకనే. వానలు పడితే రోడ్డు నల్ల బురద అయితది, లారీ నెల రోజులు ఒక్కచోటే నిలబడిపోతది. డిసెంబర్‌ల ఓట్లు పెడితే దారులు ఆరి బ్యాలెట్ డబ్బాలు పోతయి. కానీ ఆ దారిలోనే తుపాకుల లారీలు కూడ పోతయి, అక్కడ యుద్ధాలు కూడ ఎండాకాలంలోనే ముదురుతయి. మన సిపాయిలను బూత్ దగ్గర ఫొటోలకు నిలబెట్టకుండ, నవంబర్ నుంచి మార్చి దాక ఆ రోడ్ల మీద ఉంచాలె. ఓట్ల రోజుకన్న లెక్కింపు తర్వాత పదిహేను రోజులే ప్రమాదం.

నేను వాయిదా వేయించమని అడుగుతలేను, వాయిదాలతోనే ఆ జనం అలసిపోయిన్రు. ఒకే సైన్యం, కోర్టు కేసుల మీద రాజీ, శరణార్థుల పేర్లు, ఈ మూడూ డిసెంబర్ లోపల ఎంతవరకు అయితయో ఇండియా బయటికి అడగాలె, యూఎన్‌లో అడగాలె, చమురు వాటాదారుగా జూబాలో అడగాలె. కాకుంటే ఎందుకు కాలేదో, ఏ నెలకు అయితయో తేదీ వేయించాలె. ఊరికే "ఎన్నికలు స్వాగతిస్తున్నం" అని స్టేట్‌మెంట్ మాత్రం ఇవ్వొద్దు సార్.

అక్కడ ఊళ్ళల్ల మేం బోరు వేసినంక బిగించేది ఇండియా మార్క్ టూ చేతి బోరింగు, మా ఊరి బడి ముందట ఉన్నదే. మొదటిసారి నీళ్ళొచ్చినప్పుడు ఆడోళ్ళు నాలుక తిప్పుకుంట కేకలు పెట్టేటోళ్ళు, డింకా ఊరైనా న్యూర్ ఊరైనా అదే కేక.

మా హెల్పర్ ఇప్పుడు ఉగాండా క్యాంపులో ఉన్నడు. పోయిన నెల వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టిండు. బెంటియు దిక్కున వాళ్ళ ఊరు 2021 వరదల్లో మునిగింది, ఇంకా నీళ్ళు తియ్యలేదంట. "ఓటు రాస్తున్నరంట కదా, నా పేరు ఏ ఊళ్ళో రాస్తరు, ఆ ఊరే లేదు, నాకు క్యాంపులో డబ్బా పెడతరా?" అని అడిగిండు. నేను ఇప్పటిదాక జవాబు ఇయ్యలే. మీ ఆఫీసు నుంచి ఎవరన్నా కనుక్కొని చెప్తే, ఆయనకు అదే చెప్తా.