యున్‌చాన్ లిమ్‌ను విన్నారా?

మిత్రులకు నమస్కారం. నిన్న రాత్రి మళ్ళీ ఆ వీడియోతోనే గడిచిపోయింది. 2022 జూన్‌లో టెక్సస్‌లోని ఫోర్ట్‌వర్త్‌లో జరిగిన వాన్ క్లైబర్న్ పియానో పోటీ, ఆఖరి విడత. దక్షిణ కొరియా కుర్రవాడు యున్‌చాన్ లిమ్ రష్యన్ స్వరకర్త రఖ్మానినోవ్ రాసిన మూడో కన్‌చెర్టో (వాద్యబృందంతో కలిసి వాయించే పియానో రచన) వాయించాడు. అప్పటికి అతనికి 18 ఏళ్ళే. ఆ పోటీ చరిత్రలో అంత చిన్న వయసు విజేత మరొకరు లేరు. వాద్యబృందాన్ని నడిపిన మారిన్ ఆల్సప్ చివర్లో కళ్ళు తుడుచుకున్నారు.

అందరూ ఆ కన్‌చెర్టో గురించే చెబుతారు. నా ఓటు మాత్రం సెమీఫైనల్‌కే. హంగేరీ స్వరకర్త ఫ్రాంజ్ లిస్ట్ రాసిన 12 ట్రాన్సెండెంటల్ ఎట్యూడ్‌లను (వేళ్ళ నైపుణ్యానికి పరీక్ష పెట్టే సాధన రచనలు) గంటకు పైగా వరసగా వాయించాడు. ఒక్కొక్కటే వేళ్ళు విరిచే రకం! అయినా అతని వేగం కంటే, నెమ్మది భాగాల్లో ఒక్కో స్వరాన్ని పట్టి నిలిపిన తీరే నన్ను కట్టిపడేసింది.

2024 ఫిబ్రవరిలో న్యూయార్క్‌లోని కార్నెగీ హాల్‌లో పోలండ్ స్వరకర్త షోపాన్ ఎట్యూడ్‌లు 24 వాయించాడు. ఆ వసంతంలోనే చేతి నొప్పితో కొన్ని కచేరీలు మానుకున్నాడు. మంచి పనే చేశాడు, ఆ చేతులు ఇంకా చాలాకాలం వాయించాలి కదా.

వినేవాళ్ళు దయచేసి హెడ్‌ఫోన్లు పెట్టుకోండి. ఫోను స్పీకరులో ఎడమచేతి స్వరాలు సగం వినబడవు.