పసిగుండెకు ఆ పరీక్ష ఇంటికి పంపేలోపే

పుట్టుకతో వచ్చే గుండె జబ్బును కనిపెట్టే ఆక్సిజన్ పరీక్షను విశాఖ ప్రసూతి వార్డులన్నిటిలో తప్పనిసరి చేయాలి. గాజువాకలో మా పక్కింటి పాపకు మూడేళ్లు. నాలుగడుగులు పరుగెత్తితే పెదాలు నీలంగా మారి, గొంతుక్కూర్చుంటుంది. పాలు తాగుతూ ఆయాసపడుతోందని తల్లి నెలల పిల్లప్పుడే చెబితే, బలహీనతని టానిక్ రాసి పంపారు. జబ్బేమిటో తెలిసేసరికి రెండేళ్లు దాటాయి. ఆ తల్లి టెన్షన్ రోజూ చూస్తున్నాను. పుట్టిన 24 గంటల తర్వాత కుడిచేతికి, ఒక కాలికి పల్స్ ఆక్సీమీటర్ పెట్టడమే పరీక్ష. కోవిడ్‌లో ఇళ్లల్లో వాడిన పరికరం లాంటిదే. అన్ని లోపాలూ దొరకవు గానీ, బిడ్డ నీలంబారే ప్రమాదకరమైనవి చాలావరకు బయటపడతాయి. రక్తంలో ఆక్సిజన్ 95 శాతం కన్నా తగ్గితే మళ్లీ చూసి, అలాగే ఉంటే ఎకో (గుండె స్కానింగ్) తీయించాలి. ఆ అంకెను డిశ్చార్జి కాగితంపై రాసేలా జిల్లా వైద్యాధికారులు వెంటనే ఆదేశించాలి.

- ఒక పాఠకురాలు, గాజువాక, విశాఖపట్నం